గదీర్ గాథను పాడిన క్రైస్తవ కవి



ఇటీవల బైబిలు తరగతిలో మేము ఒక అరబ్బీ కవిని గూర్చి చెప్పుచుండగా సంఘపెద్ద ఒకరు లేచి, "అయ్యగారూ, క్రైస్తవుడై యుండి పరుల మతచరిత్రను పాడుట విశ్వాసమును విడుచుట కాదా?" అని అడిగిరి. ఆ దినమున మాకు జవాబు తోచలేదు.

ఆ కవి బూలుస్ సలామె. బూలుస్ అనగా మన పౌలే. 1902లో దక్షిణ లెబనోనులో మారొనైట్ క్రైస్తవ కుటుంబమున పుట్టి, న్యాయాధిపతిగా పనిచేసెను. పిమ్మట వ్యాధి పట్టుకొని, ఆపరేషను మీద ఆపరేషను జరిగి, ఏండ్ల తరబడి మంచము పాలయ్యెను. 1979లో మరణించెను. అట్టి స్థితిలోనే 1940 దశకమున 'ఈదుల్ గదీర్', అనగా 'గదీర్ పండుగ' అను ఇతిహాస కావ్యమును 3,000కు పైగా పద్యములలో రచించెను. ఇస్లామునకు పూర్వపు అరబ్బుల కాలము మొదలు ఉమయ్యదుల రాజ్యము అంతరించువరకు అందులో కథ నడచును.

గదీర్ ఖుమ్ అనునది మక్కా మదీనాల నడుమ నొక మడుగు. 632లో ప్రవక్త మహమ్మదు తన చివరి హజ్ ముగించుకొని వచ్చుచు అక్కడ ఆగి, అలీ చేయి పైకెత్తి, తాను ఎవరికి నాయకుడో అలీయు వారికి నాయకుడని పలికెనందురు. షియాలు దీనిని వారసత్వ ప్రకటనగా ఎంచుదురు; సున్నీలు ఆ మాటను గౌరవింతురు గాని వారసత్వమని ఒప్పరు. ఆ అలీ కుమారుడైన హుస్సేన్ 680లో కర్బలా యొద్ద, నీటిచుక్క దొరకక, కొద్దిమంది అనుచరులతో హతుడయ్యెను. మన యూళ్లలో పీర్ల పండుగ నాడు వినబడు పేరు ఆయనదే. గుండము చుట్టు మన పిల్లలును నిలుతురు. అది ఎవరి కొరకైన దుఃఖమో అడిగినవారు కొద్దిమంది.

సలామె తాను క్రైస్తవుడనని దాచలేదు. ఆ మాట చెప్పుకొనియే అలీని పాడెను. (తరువాత సౌదీ రాజ్యస్థాపకుని కీర్తించుచు 'ఈదుర్ రియాద్' వ్రాసెను. రాజును పొగడుటకంటె ఓడినవారిని పాడుటయే మాకు ఘనముగా తోచును.) మన గుఱ్ఱం జాషువగారును 1932లో పారసీక ముస్లిము కవి ఫిరదౌసి వేదనను పద్యములలో పాడిరి. 'క్రీస్తు చరిత్ర' వ్రాసినదియు ఆయనే గదా!

అరబ్బీ పాఠకులు సలామెను 'ఇరువదవ శతాబ్దపు అయ్యూబు' అని పిలిచిరి. అయ్యూబు అనగా మన యోబు. ఊజు దేశస్థుడైన యోబు ఇశ్రాయేలీయుడని గ్రంథము ఎక్కడను చెప్పదు. అయినను ఆయన మొఱ్ఱ మన బైబిలులో నలువదిరెండు అధ్యాయములు నిండియున్నది. పెద్దగారూ, ఆ దినమున మాకు తోచని జవాబు ఇదే.