స్వతంత్ర పత్రికారచన – కార్మికవర్గ బాధ్యత
(లిలువాలో తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, ఖాళీ పోస్టులు, కాంట్రాక్టు పద్ధతి వంటి సమస్యలు ఇన్ని ముందుండగా పత్రికలను గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. మన సమస్యలు దేశ రాజకీయాలలో ఏ రూపంలో చర్చకు వస్తున్నవో, అసలు వస్తున్నవో లేదో నిర్ణయిస్తున్నది పత్రికలు, టెలివిజను. కనుక వార్త ఎక్కడ పుడుతున్నది, దానిని రాసేవాని ఉద్యోగం ఎవరి చేతిలో ఉన్నది అన్న ప్రశ్న మన డిమాండ్ల పత్రంలో చోటు చేసుకోదగినదే. ఉద్యోగ భద్రత లేని పాత్రికేయుడు స్వతంత్రంగా రాయజాలడు. మేము ఈనాడు ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

లిలువా చెప్పే చరిత్ర

ఈ చర్చకు లిలువా తగిన చోటు. 1928లో ఈస్ట్ ఇండియన్ రైల్వే వర్క్‌షాపు కార్మికులు ఇక్కడ నెలల తరబడి పోరాడినారు. వేతనాల పెంపును, తొలగించినవారి పునర్నియామకాన్ని కోరినారు. ఆ ఏడాది మార్చి 28న బామన్‌గాఛీ వద్ద కాల్పులు జరిగి కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. జులైలో పోరాటం ముగిసే నాటికి కోరికలు నెరవేరలేదు. అంతకు ముందు ఏడాదే ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేసియున్నారు. మన తెలుగువాడు వి.వి. గిరి ఆ కార్మికుల నాయకులలో ఒకడు.

ఆనాడు కలకత్తాలో పత్రికలకు కొదవ లేదు. స్టేట్స్‌మన్ వంటి ప్రముఖ దినపత్రిక బ్రిటిష్ యాజమాన్యంలో ఉండెను. ఇటువంటి పరిస్థితిలో కార్మికుని పక్షాన మాట్లాడుటకు పేద పత్రికలే పూనుకొనవలసి వచ్చినది. 1925 డిసెంబరులో నజ్రుల్ ఇస్లాం ఆధ్వర్యంలో 'లాంగల్' వెలువడినది. లాంగల్ అనగా నాగలి. 1926లో ముజఫర్ అహ్మద్ సంపాదకత్వంలో 'గణవాణి' వచ్చినది. పెట్టుబడి లేదు, ప్రకటనలు లేవు. ముజఫర్ అహ్మద్, లిలువా సమ్మెలో పనిచేసిన గోపెన్ చక్రవర్తి, శిబ్‌నాథ్ బెనర్జీ 1929లో మీరట్ కుట్రకేసు ముద్దాయిలైనారు. కలం పట్టినవారిని, యూనియన్ కట్టినవారిని ఒకే బోనులో నిలబెట్టుటలో ప్రభుత్వం పొరపడలేదు. ఆ ఇరువురి బంధం ఎంత దగ్గరిదో మనకన్న ముందు అది గ్రహించినది.

సమ్మె నుండి సెన్సారు వరకు

1974 మే 8 నుండి 27 వరకు సాగిన అఖిల భారత రైల్వే సమ్మె మన సంస్థల జ్ఞాపకంలో నిలిచియున్నది. సుమారు 17 లక్షల మందికి సంబంధించిన పోరాటమది. ఎనిమిది గంటల పని, బోనసు, ప్రభుత్వరంగ సంస్థలతో సమానమైన వేతనాలు ముఖ్యమైన కోరికలు. సమ్మెకు ముందే, మే 2న, జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. ఆనాడు రేడియో పూర్తిగా ప్రభుత్వ శాఖ. ఎన్ని బండ్లు నడిచినవి, ఎందరు పనిలో చేరినారు అన్న లెక్క ఒక పక్షం చేతనే ఉండెను. ఆ లెక్కే దేశమంతటికీ వార్త. రైల్వే కార్మికునికి బోనసు ఇవ్వజాలమన్నది నాటి ప్రభుత్వ వాదన. 1979లో ఉత్పాదకతతో ముడిపడిన రూపంలో అదే బోనసు వచ్చినది. పాలకుల వైఖరిని వాస్తవంగా అచ్చువేసిన పత్రిక ఇటువంటి చోటనే పాఠకునికి అన్యాయం చేస్తున్నది.

సమ్మె ముగిసిన పదమూడు నెలలకు అత్యవసర పరిస్థితి వచ్చినది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలోని పత్రికల ముద్రణాలయాలకు విద్యుత్తు నిలిచిపోయినది. ముందస్తు సెన్సారు విధించబడినది. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా విడిచి తన నిరసన తెలిపినది. కలకత్తాలో ఆనందబజార్ పాత్రికేయులు గౌర్ కిశోర్ ఘోష్, వరుణ్ సేన్‌గుప్తాలను జైలులో పెట్టినారు. పార్లమెంటు చర్చలను ప్రచురించే పత్రికలకు రక్షణగా ఫిరోజ్ గాంధీ కృషి వలన వచ్చిన 1956 నాటి చట్టాన్ని 1976లో రద్దు చేసినారు. నాలుగు వార్తాసంస్థలను కలిపి 'సమాచార్' అను ఒకే సంస్థగా మార్చినారు. 1977 తరువాత ఇవి తొలగినవి.

కాని సెన్సారు అధికారి వెళ్లినంత మాత్రాన పత్రిక స్వతంత్రం కాలేదు. ప్రకటనదారు ఉన్నాడు, యజమాని ఉన్నాడు. పత్రికలను ఇతర పరిశ్రమల యాజమాన్యం నుండి వేరుచేయవలెనని రెండవ ప్రెస్ కమిషన్ 1982లో సిఫారసు చేసినది. అది అమలు కాలేదు. 2014లో నెట్‌వర్క్ 18 రిలయన్స్ అధీనంలోనికి, 2022 చివరన ఎన్‌డీటీవీ అదానీ సంస్థల అధీనంలోనికి పోయినవి. ఓడరేవులు, గనులు, విద్యుత్తు, టెలిఫోను ఎవరి చేతిలో ఉన్నవో, వాటిని గురించిన వార్త కూడా వారి చేతిలోనే ఉండుట ప్రజాస్వామ్యానికి మేలు చేయునదేనా అని మనం అడుగవలసియున్నది.

ఎన్నికల కాలపు వార్తల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. డబ్బు పుచ్చుకొని అభ్యర్థి ప్రచారాన్ని వార్తగా ముద్రించే అలవాటును 2009 మహారాష్ట్ర ఎన్నికల సందర్భంలో పి. సాయినాథ్ బయటపెట్టినారు. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి విచారించి నివేదిక తయారు చేసినారు. పత్రికల పేర్లతో కూడిన ఆ పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట పక్కన పెట్టినది. 2011లో సమాచార హక్కు చట్టం బలంతో అది వెలుగు చూసినది.

బహానగా నేర్పిన పాఠం

పత్రికను విమర్శించుటయన్న తిట్టిపోయుట కాదు. మన వర్క్‌షాపుకు పెట్టె మరమ్మతుకు వచ్చినప్పుడు పైరంగు చూసి పంపివేయము. అడుగున దూరి చక్రం, స్ప్రింగు, బ్రేకు, కప్లింగు ఒక్కొక్కటే పరీక్షిస్తాము. వార్తను కూడా అట్లే పరీక్షించవలెను.

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహానగా బజార్ స్టేషను వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధాన మార్గం విడిచి లూప్ లైనులోనికి పోయి, ఆగియున్న గూడ్సు బండిని ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు యశ్వంత్‌పూర్–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలను తాకినవి. 290 మందికి పైగా మరణించినారు. కోరమాండల్ మన హౌరాలోని షాలిమార్ నుండి బయలుదేరే బండి. విశాఖ, విజయవాడ మీదుగా పోయే మన ఊరి బండి. మనలో దానిని ఎక్కని కుటుంబం లేదు.

శవాలను గుర్తించుట పూర్తి కాకమునుపే రెండు రకాల వార్తలు పుట్టినవి. పట్టాల పక్కనున్న కట్టడం మసీదు అంటూ, దానికి ప్రమాదాన్ని ముడిపెట్టుతూ ఫోటోలు తిరిగినవి. అది ఇస్కాన్ గుడి అని తేలినది. మతం రంగు పులిమేవారిపై చర్య తీసుకొందుమని ఒడిశా పోలీసులు హెచ్చరించవలసి వచ్చినది. మరొకవైపు విద్రోహం జరిగినదన్న అనుమానాన్ని టెలివిజను గంటల తరబడి చర్చించినది.

అదే వారంలో కొందరు పాత్రికేయులు వేరొక పని చేసినారు. వారు కాగితాలు వెదకినారు. మైసూరు డివిజనులో ఫిబ్రవరి 8న జరిగిన ఘటన తరువాత ఇంటర్‌లాకింగ్ లోపాలను గురించి దక్షిణ పశ్చిమ రైల్వే ఉన్నతాధికారి ఒకరు రాసిన హెచ్చరిక లేఖను బయటికి తెచ్చినారు. పట్టాల తనిఖీలలోని కొరతను, భద్రతా నిధుల తీరును తప్పుపట్టిన 2022 నాటి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికను ప్రజల ముందుంచినారు. రైల్వేలో 2.74 లక్షల పోస్టులు ఖాళీగా ఉన్నవని సమాచార హక్కు జవాబు ద్వారా ఆ జూన్‌లోనే తెలిసినది. తుదకు రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినదేమి? సిగ్నల్ సర్క్యూటు మార్పులలో గతంలో జరిగిన లోపాలు, లెవెల్ క్రాసింగు గేటు పనిలో జరిగిన లోపాలు.

రెండు రకాల వార్తలలో ఏది తేలికగా దొరికినది, ఏది కష్టపడి తేవలసి వచ్చినది అన్నది గమనించండి. వదంతికి ఖర్చు లేదు. కాగితం తేవలెనన్న కాలం కావలెను, రైల్వే పని తెలిసిన విలేకరి కావలెను, వానికి వెనుక నిలబడే సంపాదకుడు కావలెను. 2017 నుండి ప్రత్యేక రైల్వే బడ్జెటు లేకపోవుటతో రైల్వేను గురించి దేశం ఏటా చర్చించే ఆ సందర్భం కూడా పోయినది. కార్మిక రంగానికే కేటాయించిన విలేకరులు పెద్ద పత్రికలలో అరుదైపోయినారు. అందుచేత ప్రమాదం జరిగిననాడు మాత్రమే మనం వార్త అవుతున్నాము. అప్పుడు కూడా ముద్దాయిలుగా.

పాత్రికేయుడు కూడా కార్మికుడే

ఈ సత్యాన్ని స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలోనే గుర్తించినవాడు మానికొండ చలపతిరావు. మూడు దశాబ్దాలకు పైగా నేషనల్ హెరాల్డ్ సంపాదకుడుగా ఉన్న ఈ తెలుగువాడు 1950లో ఏర్పడిన భారత వర్కింగ్ జర్నలిస్టుల ఫెడరేషనుకు తొలి అధ్యక్షుడు. మొదటి ప్రెస్ కమిషనులోనూ సభ్యుడు. ఆ కమిషను నివేదిక వెలువడిన మరుసటి ఏడాది, 1955లో, వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చినది.

ఆ చట్టం ఏమి ఇచ్చినది? పారిశ్రామిక వివాదాల చట్టం పాత్రికేయునికి కూడా వర్తించినది. ఉద్యోగం తగ్గింపులో సంపాదకునికి ఆరు నెలల, ఇతర పాత్రికేయులకు మూడు నెలల నోటీసు. నాలుగు వారాలకు 144 గంటలకు మించని పని. వేతనాలకు వేజ్ బోర్డు. అన్నిటికన్న గమనించదగినది మరొకటి: మూడేళ్ల సర్వీసు చేసినవాడు అంతరాత్మకు విరుద్ధమైన రాత రాయజాలనని రాజీనామా చేసినచో వానికి గ్రాట్యుటీ చెల్లించవలెనన్న నిబంధన ఈ చట్టంలో చేరినది. అనగా, అబద్ధం రాయను అని చెప్పి బయటికి పోవు హక్కుకు కూడా చట్టం కొంత అన్నం పెట్టినది.

చివరిదైన మజీఠియా వేజ్ బోర్డు సిఫారసులను సుప్రీంకోర్టు 2014లో సమర్థించినది. అయినా బోర్డు వేతనం తమకు అక్కరలేదని ఉద్యోగులచేత సంతకాలు చేయించుకొన్న యాజమాన్యాలు ఉన్నవి. ఆ కాగితాలతో తక్కువ జీతం ఇవ్వరాదని 2017లో కోర్టు మరల చెప్పవలసి వచ్చినది. ఆ 1955 చట్టాన్ని 2020 నాటి వృత్తిభద్రత కోడ్ రద్దు చేసినది. 2025 నవంబరు 21 నుండి కొత్త కోడ్‌లు అమలులోనికి వచ్చినవి. వేజ్ బోర్డు పోయినది. ఏడాదికొక కాంట్రాక్టుపై బతికే విలేకరి తన యజమాని వ్యాపారాన్ని ప్రశ్నించగలడా? మన ఫ్యాక్టరీల కార్మికులను కట్టివేసిన కోడ్‌లే వాని కలాన్ని కూడా కట్టివేసినవి.

సంస్థ అండ లేనివాని గతి మరింత కఠినం. బస్తర్‌లోని స్వతంత్ర పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ రోడ్డు పనిలోని అవినీతిని వెలికి తెచ్చిన తరువాత, 2025 జనవరి 3న ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికినాడు. అది తెలంగాణ సరిహద్దుకు దూరం కాని ప్రాంతం. 1948 ఆగస్టులో హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు హత్య చేసిన చరిత్ర మన తెలుగు నేలకు తెలియనిది కాదు. అయినా పూనుకొన్నవారు ఉన్నారు. వి.వి. గిరి మనుమడైన సాయినాథ్ 2014లో గ్రామీణ భారతం కోసమే ఒక వార్తా భాండాగారాన్ని నెలకొల్పినారు. అటువంటి ప్రయత్నాలు పాఠకుల రూపాయలపై నడువవలెనే గాని ప్రకటనదారుల దయపై కాదు.

మన కర్తవ్యం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాబట్టి నాలుగు పనులు ప్రతి శాఖకూ ప్రతిపాదిస్తున్నాము.

ఒకటి: వారానికొకసారి భోజన విరామంలో ఒకే వార్తను రెండు మూడు పత్రికలలో చదివి పోల్చండి. ఎవరు మాట్లాడినారు, లెక్క ఎవరిది, ఎవరిని అడుగలేదు, యజమాని ఎవరు అన్న ప్రశ్నలు వేయండి.

రెండు: ప్రతి శాఖ కనీసం ఒక స్వతంత్ర పత్రికకు చందా కట్టవలెను. సినిమా టికెట్టు పాటి డబ్బుతో ఒక విలేకరి ఒక పూట నిలబడగలడు.

మూడు: పాత్రికేయుల యూనియన్లు 1955 చట్టపు రక్షణలను తిరిగి కోరుతున్నప్పుడు మన జెండా వారి పక్కన ఉండవలెను. వారి వేతన పోరాటం మన వార్తాహక్కు పోరాటం.

నాలుగు: మన బులెటిన్ విషయం. సభకు రెండు వందల మంది వస్తే రెండు వందలని రాయండి. ఓడిన సమ్మెను ఓడినదనే రాయండి. యాజమాన్యపు జవాబును కూడా ముద్రించి, దానికి సమాధానం ఇవ్వండి. ఇతరుల నుండి కోరే నిజాయితీని మన పుటలలో చూపనిచో, పత్రికలను విమర్శించు అర్హత మనకు ఉండదు.

1928 నాటి కార్మికుడు గెలువలేదు. కాని వాని మాటను అచ్చువేసిన పేద పత్రికల వలన వాడు ఏమి కోరినాడో మనకు తెలియుచున్నది. మన తరువాతివారికి మన కోరికలు మన మాటలలోనే చేరవలెనన్న, వాటిని నిర్భయంగా రాయగల పాత్రికేయుని ఈనాడే మనం కాపాడుకొనవలెను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!