అంతర్జాలమున గణిత పాఠములు – ఇంట తల్లిదండ్రుల పాత్ర

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరము ఈ వేదికపై పరీక్షాఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు ముచ్చటించుట వాడుక. ఆ వివరములన్నియు కార్యదర్శిగారి నివేదికలో నున్నవి. కనుక ఈ యేడు మేము వేరొక విషయమును మీ ముందుంచ దలచితిమి. ఈ సంవత్సరము మమ్ము కలిసికొన్న తల్లిదండ్రులలో పలువురు ఒకే మాట అడిగిరి: “అయ్యా, ఇప్పుడు లెక్కలూ సైన్సూ అన్నీ ఫోనులోనే చెబుతున్నారు. మంచివన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయంటున్నారు. మాకు ఇంగ్లీషూ రాదు, లెక్కలూ రావు. పిల్లవాణ్ణి తెలుగులో చదివించి ఏం లాభం? మేం వాడికి ఏం సాయం చెయ్యగలం?”

ఈ ప్రశ్న న్యాయమైనది. మన బిడ్డలకు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, ఫోనులో ఇంగ్లీషు. ఈ మూటి నడుమ వారు నలిగిపోవుదురేమో యని కన్నవారు కలత చెందుట సహజము. కావున ఆ ఫోను పాఠములను ఎవరు చేయుచున్నారు, ఎట్లు చేయుచున్నారు అను దానిని మేము కొంత పరిశీలించితిమి. అట్లు తెలిసికొన్న సంగతులు మన బెంగను తగ్గించునవియే గాని పెంచునవి కావు.

ఇట్టి పాఠములకు లోకమంతట పేరుగన్నవాడు బ్రేడీ హేరన్. ఆయన 1976లో ఆస్ట్రేలియా దేశమున అడిలైడ్ నగరములో జన్మించెను. వృత్తిచే పత్రికా విలేఖరి. 2002లో ఇంగ్లండు దేశమునకు వచ్చి నాటింగ్‌హామ్ నగరమున బి.బి.సి. సంస్థలో పనిచేసెను. పిదప ఆ నగరమందలి విశ్వవిద్యాలయముతో సంబంధ మేర్పడెను. 2008లో రసాయన శాస్త్రాచార్యులు మార్టిన్ పొలియాకాఫ్ మొదలగువారితో గూడి, మూలకమున కొకటి చొప్పున 118 మూలకములకును లఘుచిత్రములు తీసి యూట్యూబ్‌లో నుంచెను. 2009లో భౌతిక, ఖగోళ శాస్త్రములకు వేరొక చిత్రమాలిక. 2011 నవంబరు 11వ తేదీన గణితమునకై ‘నంబర్‌ఫైల్’ అను మాలిక నారంభించెను. ఆ దినమున అంకెలన్నియు పదునొకండ్లే యగుటచే తొలి పాఠము 11 అను సంఖ్యను గూర్చినదే. కొంతకాలమునకు గణితవేత్తలతో తీరికగా జరిపిన సంభాషణలను, కేవలము వినుటకై, పాడ్‌కాస్ట్ రూపమున వెలువరింప సాగెను.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఈ హేరన్ గణితజ్ఞుడు కాడు. పాఠము చెప్పువారు గణితాచార్యులు. వారు ఒక గోధుమరంగు కాగితము పరచుకొని, లావుపాటి కలముతో వ్రాయుచు చెప్పుచుందురు. హేరన్ కెమెరా వెనుక నుండి, తెలియనివాడు అడిగినట్లే అడుగుచుండును. ఆ మెట్టు ఎట్లు వచ్చినదనియు, అది యెందుకు నిజమనియు, ఇంకొక ఉదాహరణ మిమ్మనియు అడుగును. ఆచార్యుడు తొందరపడి ముందుకు పోయినచో వెనుకకు పిలుచును. చూచు లక్షలాది జనుల పక్షమున అడుగువాడొక డుండుటచేతనే ఆ పాఠములు అందరికిని అందుచున్నవి. లెక్కలు వచ్చినవారు లోకమున మునుపును గలరు. ఓర్పుతో అడుగువాడు తోడైనపుడే వారి విద్య పదిమందికి ప్రాకినది.

ఆ యడుగు పనికి ఇంగ్లీషు అక్కరలేదు. లెక్కలును అక్కరలేదు. బిడ్డ ఫోనులో ఒక పాఠము చూచిన పిమ్మట, “ఏమి చూచితివి? నాకు తెలుగులో చెప్పుము” అని అడిగిన చాలును. చెప్పలేకపోయినచో వానికి తెలియలేదన్నమాట. మరల చూచి వచ్చి చెప్పును. విన్న పాఠమును ఇంటి భాషలో తిరిగి చెప్పుటకంటె గట్టి పరీక్ష మా చేతిలోను లేదు. వంటయింటిలో నున్న తల్లియు, షిఫ్టు ముగించి వచ్చిన తండ్రియు ఈ పని చేయగలరు.

రెండవ సంగతి పలకను గూర్చినది. దీనికి సాక్ష్యము మన నగరముననే గలదు. శ్రీనివాస రామానుజన్ కుంభకోణమున చదువుచుండగా, 1903లో జి.ఎస్. కార్ అను నాతడు కూర్చిన గణిత సంగ్రహ గ్రంథ మొకటి ఆయన చేతికి వచ్చెను. అందు సుమారు 5000 సూత్రములు. ఉపపత్తులు మిక్కిలి కొలది. ఆ పుస్తకమును ఊరక చదివి మూసియుండిన, మనకు రామానుజన్ లేడు. ఒక్కొక్క సూత్రమును తానే సాధించుచు పోయెను. కాగితము ప్రియమగుటచే పలకపై చేసి, చెరిపి, ఫలితమును మాత్రము నోటుబుక్కులో వ్రాసికొనెను. 1912 మార్చి 1న మద్రాసు నౌకాశ్రయ కార్యాలయమున నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. మన మనలికి దక్షిణముగా కొలది మైళ్ల దూరముననున్న నౌకాశ్రయమే అది. అచ్చట పనిచేయుచుండగనే 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తొలి లేఖ వ్రాసెను.

నేటి వీడియోయు కార్ గ్రంథము వంటిదే. చూచుట సుళువు. పదినిమిషములలో అంతయు తెలిసినట్లే యుండును. వీడియో నాపి, పలకయో కాగితమో తీసికొని, అదే లెక్కను తాను చేయనంతవరకు అది చూచిన సినిమాతో సమానము. కనుక మీ యింట ఫోను ప్రక్కన ఒక నోటుబుక్కు, పెన్సిలు తప్పక యుండవలెనని మా కోరిక.

మూడవది సందేహించుట. 2014 జనవరిలో నంబర్‌ఫైల్ ఒక వింత పాఠమును వెలువరించెను. 1+2+3+4 అని అంతులేకుండ కూడుచు పోయినచో మొత్తము మైనస్ 1/12 అని అందు ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు చూపిరి. మన ఐదవ తరగతి పిల్లవాడు కూడ దీనిని పరీక్షింపగలడు. 1, 3, 6, 10, 15, 21: మొత్తము పెరుగుచునే పోవును. రుణసంఖ్య ఎట్లగును?

ఇచ్చట కొంచెము ఓపిక పట్టవలెను. ఒక అరిసెలో సగము తినుము. మిగిలినదానిలో సగము, మరల మిగిలినదానిలో సగము, ఇట్లే తినుచు పొమ్ము. 1/2+1/4+1/8 అని ఎంత దూరము పోయినను తిన్నది ఒక అరిసెను మించదు, దానికి చేరువ యగుచుండును. కనుక ఆ అనంత శ్రేణి మొత్తము 1 అనుట సబబు. 1+2+3+4 అను శ్రేణికి అట్టి గమ్యము లేదు. మామూలు అర్థములో దానికి మొత్తమే లేదు. అయితే వేరొక నిర్వచనముతో అట్టి శ్రేణులకును ఒక విలువను కట్టు పద్ధతులు ఉన్నతగణితమున గలవు. ఆ పద్ధతిలో వచ్చు విలువయే మైనస్ 1/12. రామానుజన్ కూడ 1913 ఫిబ్రవరి 27న హార్డీకి వ్రాసిన రెండవ లేఖలో ఈ ఫలితమును పేర్కొనుచు, అది తన సిద్ధాంతము ననుసరించి వచ్చినదని స్పష్టము చేసెను. వీడియోలో ఆ తేడాను చాలినంతగా చెప్పలేదని పలువురు గణితవేత్తలు ఆక్షేపించిరి. 2018లో బుర్కార్డ్ పోల్‌స్టర్ అను గణితాచార్యుడు ‘మాథాలజర్’ అను తన మాలికలో ఆ పొరపాట్లను వివరముగా చర్చించెను.

ఇందువలన ఆ పాఠములు పనికిరానివని మేము చెప్పబోము. ఆ వాదమును విని ఎందరో అనంత శ్రేణులను గూర్చి చదివిరి. మేలైన పాఠములలో సైతము తొందర మాట దొరలవచ్చును. ఫోనులో వచ్చినదంతయు వేదము కాదు. 1, 3, 6, 10 అని స్వయముగ కూడి చూచిన పిల్లవాడు మోసపోడు. “మరి ఇది ఎట్లయ్యా?” అని ఉపాధ్యాయుని వద్దకు వచ్చును. అట్లు వచ్చిన పిల్లవానిని చూచిన మాకు పండుగ.

ఇక భాష మాట. తెలుగున గణితము, విజ్ఞానము లేవనుట చరిత్ర తెలియక అనుమాట. కర్ణాట దేశీయుడగు మహావీరాచార్యుడు 9వ శతాబ్దమున సంస్కృతములో రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన 11వ శతాబ్దివాడని పలువురి అభిప్రాయము. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి 1908లో ఈ మద్రాసునకే తరలివచ్చి, చరిత్రలతోపాటు ప్రకృతి శాస్త్రములను గూర్చిన గ్రంథములను తెలుగున ప్రకటించెను. నేడును మన నగరమందలి ఐ.ఐ.టి.లో ఆచార్యులగు వి. శ్రీనివాస చక్రవర్తిగారు పిల్లలకై విజ్ఞాన గ్రంథములను తెలుగు చేయుచున్నారు.

వినుచు చూచుచు నేర్చుటయు మనకు క్రొత్త కాదు. 1930లో మద్రాసు నగరపాలక సంస్థ రేడియో నారంభించినపుడు కార్పొరేషన్ పాఠశాలల బాలురకు సంగీత పాఠములు, కథలు వినిపించెను. 1975 ఆగస్టు మొదలు ఒక యేడు, ఉపగ్రహము ద్వారా 6 రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజన్ పాఠములు చేరినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములకు తెలుగుననే చెప్పిరి. 2020లో కరోనా వ్యాధిచే బడులు మూతపడినపుడు, సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్లలో తెలుగు పాఠములు ప్రసారము చేసెను. అట్టివి అంతర్జాలమున మనలిలో కూర్చుండి చూడవచ్చును.

ఇంగ్లీషు పాఠములను మేము నిషేధించుట లేదు. మీరు పిల్లలను చూడనిండు. అర్థము మాత్రము తెలుగున కుదురనిండు. ప్రధాన సంఖ్య అనగా నేమో తెలుగున తెలిసినవానికి దాని ఇంగ్లీషు పేరు ఒక్క నిమిషపు పని. పేరు మాత్రము ఇంగ్లీషున వచ్చి, అర్థము ఏ భాషలోను రానివాడు ఏండ్ల తరబడి తడుముకొనును.

మరియొక మాట. మీకేమియు తెలియదనుకొనుట సరికాదు. మన ఊరిలో 1965లో మద్రాసు రిఫైనరీస్ అను పేర ఏర్పడి, నేడు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ అనబడు కర్మాగారము కలదు. 1966లో ఏర్పడిన మద్రాసు ఫెర్టిలైజర్స్ కలదు. ముడినూనెను కాచినపుడు తేలికవి గోపురపు పైభాగమునకును, బరువైనవి అడుగునకును చేరు తీరును ఆ పనిలోని తండ్రి కన్నులార చూచియుండును. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేసి, అందుండి యూరియా చేయుదురు. ఆ బస్తాలు మోసిన చేతులు ఈ సభలో నున్నవేమో! గంధకమును గూర్చిన వీడియోను బిడ్డతో కూర్చుండి చూచి, “మా ప్లాంటులో దీనిని నూనెనుండి ఇట్లు విడదీయుదురు” అని చెప్పు తండ్రిని ఏ వీడియోయు మించజాలదు.

ఫోను చేతికిచ్చుటలో జాగ్రత్త వలయును. ఒక పాఠము ముగియగానే వేరొకటి తనంతట వచ్చును. గణితముతో మొదలైనది తమాషాలతో ముగియును. ఇంట ఒకే ఫోనున్నచోట అక్కకు, తమ్మునికి సమముగ వంతు రావలెను. ఆడపిల్ల వంతు వంటపనికి బలి కారాదు. దినమునకు ఒక పాఠము, అరగంట, పడుకొను వేళకు ముందే ముగియవలెను.

రానున్న విద్యా సంవత్సరమున, శనివారములందు 6వ తరగతి మొదలు పిల్లలు ఇద్దరిద్దరుగా, ఒకరు అడుగువారు, ఒకరు చెప్పువారుగా, ఐదు నిమిషముల తెలుగు సంభాషణలను తయారు చేయుదురు. సైన్సు, లెక్కల ఉపాధ్యాయులు తప్పులు దిద్దుదురు. వానిని పాఠశాలలోనే వినిపింతుము, బయటకు పంపము. తమ పని అనుభవమును పిల్లలకు చెప్పదలచిన తల్లిదండ్రులు ఒక శనివారము వచ్చి అడుగువారి ఎదుట కూర్చుండవలెనని కోరుచున్నాము.

మీరు అడిగిన ప్రశ్నకు మా సమాధాన మిదియే. మీ బిడ్డకు పాఠము చెప్పువారు లోకమంతట దొరకుదురు. ఇంట కూర్చుండి, “ఎందుకు?” అని తన భాషలో అడుగువారు మాత్రము మీరే. ఆ స్థానమును ఖాళీగా నుంచకుడని ప్రార్థించుచు, పిల్లలందరికిని విద్యాభివృద్ధి కలుగుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.