మజిలీకో అద్భుతం

జూలై నెల మనకు రెండు పుట్టుకలను గుర్తుచేస్తుంది. 1912 జూలై 1న మన తాడిపత్రిలో కదిరి వెంకటరెడ్డి పుట్టారు. లోకమంతా కె.వి. రెడ్డి అని పిలుచుకున్న దర్శకుడాయన. 1947 జూలైలో మద్రాసు నుంచి చందమామ తొలి సంచిక వచ్చింది. కె.వి. రెడ్డి తీసిన మాయాబజార్ గొప్పతనం మీకు తెలుసు, చందమామ బేతాళుడూ తెలుసు. వాటి జోలికి పోను. ఆయన సినిమాల వెనకా ఆ పత్రిక వెనకా ఒక కథల వంశం ఉంది. ఈ పూట ఆ వంశం గురించే మాట్లాడతాను.

1951లో వచ్చిన కె.వి. రెడ్డి చిత్రం ‘పాతాళభైరవి’ అరబ్బుల అల్లావుద్దీన్ కథేనని చాలామంది అంటారు. ఆ పోలికలు కొన్ని ఉన్న మాట నిజమే. కానీ దాని మూలం తెలుగు పుస్తకంలో ఉంది. రాజమండ్రికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా వెలువరించిన ‘కాశీమజిలీ కథలు’ ఆ పుస్తకం. అవి ఎవరు చెప్పారో తెలియని అవ్వల కథలన్న మాట కూడా సరికాదు. ఆయన సంస్కృత కథల నుంచి, జనం నోట వినబడే కథల నుంచి తీసుకుని తన పద్ధతిలో అల్లారు. కొన్ని కథలు పలు మజిలీల దాకా సాగుతాయి. ఈ రోజుల్లో అయితే వాటిని నవలికలనే అంటాం.

ఆ పుస్తకంలో నాకు ప్రాణమైనది దాని అల్లిక. మణిసిద్ధుడనే ఆయన కాశీకి బయల్దేరాలి. దారి దూరం, తోడు కావాలి. పశువులు కాసుకునే ఒక కుర్రవాడు సరేనంటాడు. వాడు డబ్బు అడగడు. మజిలీ చేసిన ప్రతిచోటా తాను చూసిన వింతకు మణిసిద్ధుడు కారణం చెప్పాలి, అదే వాడి షరతు. బస కుదిరాక వాడు ఊరు తిరిగి వస్తాడు, ఏదో ఒక విడ్డూరం చూస్తాడు, అదెందుకలా ఉందని నిలదీస్తాడు. మణిసిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో అసలు సంగతి తెలుసుకుని చెప్పుకొస్తాడు. అక్షరం రాని పశువుల కాపరి ప్రశ్న మీద పన్నెండు భాగాల పుస్తకం నిలబడింది. శాపాలు, పరకాయ ప్రవేశాలు, మాయమైపోయే మనుషులు ఎన్ని వచ్చినా చివరికి ప్రతి వింతకూ ఒక కారణం బయటపడుతుంది. మన తెలుగు అద్భుత కథకు వెన్నెముక ఇదేనని నా నమ్మకం.

ఈ పద్ధతి దీక్షితులతో మొదలైంది కాదు. పదహారో శతాబ్దంలో, మనకు పొరుగునే నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చాడు. అందులో మధురలాలస అనే పసిపాప గుండెకు హారంలోని మణి తాకగానే పూర్వజన్మ వృత్తాంతం చెప్పడం మొదలుపెడుతుంది. పురాణం నుంచి తీసుకోకుండా కవి సొంతంగా కల్పించిన కథ అది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కావ్యాన్నే పట్టుకుని చర్చించారు. రాయలసీమ కరువుకే పేరు గానీ కల్పనకు కాదనేవాళ్లకు ఈ ఒక్క కావ్యం చాలు.

సమయం తక్కువ కాబట్టి మధ్యలో కొన్ని దాటేస్తాను. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో గుర్రం ముఖం గల గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. సైన్సు తెలిసిన మేధావులంతా తలలు పట్టుకుంటారు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడేవాళ్లు దీన్ని తప్పక చదవాలి.

ఇక చందమామ సీరియళ్లు. వాటి కింద రచయిత పేరుండేది కాదు. అందువల్ల కొడవటిగంటి కుటుంబరావుగారే అన్నీ రాశారని చాలామంది అనుకున్నారు. ‘తోకచుక్క’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. 1952లో చందమామలో చేరి అర్ధశతాబ్దం పైగా అక్కడే పనిచేశారు. 2010లో కన్నుమూశారు. చందమామ చిత్రకారుడు చిత్రాగారి బొమ్మలు ఆ కథలకు రెండో కలం.

మా ఊళ్లో విత్తనాల కాలం వచ్చిందంటే సాయంత్రాలు వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలిచేవాళ్లం. చదువొచ్చినవాళ్లెవరో లాంతరు దగ్గర చందమామ పట్టుకుని గట్టిగా చదివేవారు. ‘ఇంకా ఉంది’ అని ముగిసేసరికి ఒలిచే చేతులు ఆగిపోయేవి. వానలు మొగం చాటేసిన ఒక ఏడు, పక్కింటి పెద్దాయన బెంగళూరుకు కూలికి పోయినాడు. నెలల తర్వాత తిరిగొచ్చి, ఇంట్లో మూట దించీ దించకముందే మా నాయన్ను అడిగినాడు: “ఏమప్పా, ఆ సరోవరంలో రాజు బిడ్డలు దొరికినారా?” చెరువు ఎండి నెర్రెలిచ్చిన ఊళ్లో ఆ మనిషి అన్నాళ్లూ మాయాసరోవరాన్ని మనసులో మోసుకు తిరిగినాడు. అద్భుత కథలు పనీపాటా లేనివాళ్ల కాలక్షేపమని ఎవరైనా అంటే నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. కష్టంలో ఉన్న మనిషికీ తరువాత ఏమైందో తెలుసుకోవాలనిపిస్తుంది. ఆ కోరిక ఉన్నంతకాలం మనిషి ఓడిపోలేదు.

కె.వి. రెడ్డిగారు ఈ సంగతి ఎరిగిన మనిషి. ‘పాతాళభైరవి’లో కథానాయకుడు తోట రాముడు మొసలిని చంపగానే అది శాపం తీరి అసలు రూపం పొంది, మాంత్రికుడి పన్నాగాన్ని అతనికి చెప్పేస్తుంది. వింత జరగాలి, దాని వెనక కారణం ఉండాలి, ఆ కారణం కథను ముందుకు నడపాలి. కాశీమజిలీల పద్ధతే ఇది. పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా, ఎస్.వి. రంగారావు నటన దానికి తోడయ్యాయి. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రాన్ని ప్రదర్శించారు. పెన్న ఒడ్డున పుట్టినవాడి ఊహ అంతదూరం పోయింది.

దాసరివారి సీరియళ్లు ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి. కాశీమజిలీ కథలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. భాష పాతదని వెనకాడకండి. పెద్దవాళ్లు చదివి, వాడుక మాటల్లో పిల్లలకు చెప్పండి. వారానికొక మజిలీ చాలు. పిల్లలు మధ్యలో ఆపి “ఎందుకు?” అని అడిగితే విసుక్కోకండి. కాశీ దారిలో ఆ పశువుల కాపరి అడిగింది అదే ప్రశ్న. దానికి జవాబు చెప్పడం మన పని.