బిరుదములు - సత్యము
(మేడ్చల్, శామీరుపేట ప్రాంతీయుల యెదుట చేసిన ప్రసంగము)



పేరునకు ముందు చేర్చు రెండక్షరముల కొఱకు ఇంత వాదము దేనికని కొందరు మమ్ము ప్రశ్నించిరి. ఆ వాదము మీ పొలిమేరలోనే పుట్టినది కనుక ఇచ్చటనే విచారించుట యుక్తమని తలచితిమి.

2015వ సంవత్సరమున శామీరుపేటలోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమున చదువు ముగించిన యొక విద్యార్థి, తన పట్టాపై స్త్రీని గాని పురుషుని గాని సూచించు గౌరవపదము వలదని కోరగా, విశ్వవిద్యాలయమువారు రెంటికిని చెందని 'ఎంఎక్స్' అను పదమును అంగీకరించిరి. ఇది అనర్థమని పలుకువారు కలరు. పత్రమున వ్రాయునది పదుగురు పరీక్షింపదగిన సత్యము కావలెను గాని యొక్కరి మనోభావము కారాదని వారి వాదము. త్రోసివేయదగిన మాట కాదు. సత్యమునకు సాక్ష్యము వలెను. కాని ఇచ్చట సాక్షి యెవరు?

మన లేఖలను జూడుడు. పురుషుడు బ్రహ్మచారి యైనను, గృహస్థుడైనను, విధురుడైనను 'శ్రీ' యొక్కటే. స్త్రీకి మాత్రము కుమారి, సౌభాగ్యవతి. భర్త గతించినచో గంగాభాగీరథీసమానురాలు! ఈ తుదిమాటను ఏ తల్లియు తనకై కోరుకొనలేదు, లోకమే తగిలించెను. దానిని విడిచినందున సత్యమునకు వచ్చిన లోటు మాకు కానరాదు.

పైవారు తగిలించిన పేరు ఎంత కీడు చేయగలదో నిజాము రాజ్యము చూపెను. 1919 (1329 ఫసలీ) నాటి శాసనము హిజ్రాల పేర్లను పట్టికకెక్కించి, అట్టివారు స్త్రీవేషముతో వీధిలో కానవచ్చినచో వారంటు లేకయే నిర్బంధించుట కధికార మిచ్చెను. తన లింగమేదియో నిర్ణయించుకొను హక్కు వ్యక్తిదే యని 2014లో సుప్రీంకోర్టు నల్సా వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ నిజాము కాలపు శాసనమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ఆ 1919లోనే రవీంద్రుడు జలియన్‌వాలాబాగు దురంతమునకు నిరసనగా 'సర్' బిరుదమును విసర్జించెను. ఇచ్చినదానిని వలదనుట నాడు దేశమునకు గర్వకారణమయ్యెను. నేడొక విద్యార్థి వలదన్న వింత యేల?

'డాక్టరు' అను మాట యట్టిది కాదు. అది యెదుటివానికిచ్చు హామీ. జ్వరముతో వచ్చిన కూలివాడు దానిని నమ్మియే సూదికి చేయి చాచును. (సాహిత్యమున పరిశోధించి డాక్టరైన పండితుని మే మాక్షేపింపము, ఆయన కడకు రోగి రాడు గదా!) పట్టికలో చేరనివారు వైద్యము చేసినచో ఏడాది వరకు చెఱ, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చునని 2019 నాటి జాతీయ వైద్యకమిషను చట్టము 34వ సెక్షను చెప్పుచున్నది. అయినను నగరపు పొలిమేరలందు ప్రథమచికిత్సతో నిలువవలసిన ఆర్.ఎం.పి.లు కొందరు 'డాక్టరు' అని బోర్డు కట్టుట మన మెఱిగినదే. నడిరేయి పిలిచిన పలుకువాడు ఆయన యొక్కడే యనియు మే మెఱుగుదుము. ఆ సాయమునకు కృతజ్ఞత చూపుదము. బోర్డు మాత్రము మార్పింతము.

పట్టాపై రెండక్షరములకు సత్యము చెడెనని వగచు పెద్దలు ఈ బోర్డుల క్రింద నిలిచి ఒక్కమాట యడుగరేమి? నమోదు సంఖ్య యేదని యడుగుట మర్యాదకు లోపము కాదు. తెలంగాణ వైద్యమండలివారి పట్టికలో పేరున్నదో లేదో చూడవచ్చును. శామీరుపేటలో చట్టము చదువు యువకులు సెలవుదినములందు ఈ పల్లెలకు వచ్చి, ఆ పట్టిక చూచు విధమును మన తల్లులకు నేర్పుదురేని మేలు.