ఫ్లీట్‌లో మైకు మర్యాద

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఓడల ఆటలో ఒక్క ఫ్లీట్‌లోనే, అంటే ఒక్క ఓడల దళంలోనే, 256 మంది దాకా చేరవచ్చు. అంతమందీ ఒకే చానల్లో నోరు విప్పితే నాయకుడి మాట ఎవరికీ అందదు.

కొత్తగా చేరినవారు ముందు పుష్ టు టాక్ పెట్టుకోవాలి. మీట నొక్కినప్పుడే మైకు పనిచేస్తుంది. మీ ఇంటి ఫ్యాను రొద, కుక్కర్ కూత అందరి చెవుల్లో పడవు. "చెక్ చెక్" అని వినిపించిందా, నవ్వు మధ్యలో ఉన్నా ఆపేయండి. ఫ్లీట్ కమాండర్ ఏదో చెప్పబోతున్నారు.

వేగుగా ముందు వెళ్లినవారి మాటకు విలువెక్కువ. "అమ్మో, వచ్చేస్తున్నారు!" అంటే ఎవరు, ఎక్కడ, ఎందరు? "తామా గేటు దగ్గర పదిహేను మంది, ఎక్కువగా క్రూయిజర్లు, మనవైపే వస్తున్నారు" అంటే కమాండర్ క్షణంలో నిర్ణయం తీసుకోగలరు. స్థలం, సంఖ్య, ఓడల రకం, దిశ: ఇవి చాలు. తెలియనిది ఊహించి చెప్పకండి.

మీ ఓడకు దెబ్బ తగిలితే మైకులో కేకలొద్దు. ఫ్లీట్ విండోలో సాయం కోరే బ్రాడ్‌కాస్ట్ మీట ఉంది. నొక్కగానే మరమ్మతు ఓడల వాళ్లకు మీ పేరు తెరమీద కనిపిస్తుంది, దాన్ని నొక్కి మీ ఓడను బాగుచేస్తారు. ఇక మైకులో మాట్లాడాల్సి వస్తే మీ ఉచ్చారణ, యాస గురించి బెంగ అక్కర్లేదు. సందేహాలుంటే టెక్స్ట్ చాట్‌లో అడగండి, పోరు మధ్యలోనైనా తీరిక ఉన్నవారెవరో ఒకరు జవాబిస్తారు.