రొట్టె కోసం బారులు తీరిన వీధి

1917. రష్యా రాజధాని పెట్రోగ్రాడ్. ఎముకలు కొరికే చలి. రొట్టెల దుకాణాల ముందు ఆడవాళ్లు గంటల తరబడి నిలబడ్డారు. రొట్టె మాత్రం లేదు. మహిళా దినోత్సవం నాడు నేతమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు పని మానేసి వీధికెక్కారు. మగవాళ్లూ వచ్చి కలిశారు. అణచేయమన్నాడు రష్యా చక్రవర్తి, జార్ నికోలస్. సైనికులు ఒకరోజు కాల్పులు జరిపారు కూడా. మర్నాడు మాత్రం కాల్చేది లేదని తిరగబడ్డారు. అసలు మలుపు ఇదే, గుర్తుంచుకోండి. జనం కోపం ఒక్కటే చాలదు, కాల్చాల్సినవాడు కాల్చనని మొండికెయ్యాలి. ఆ సైనికులు మాత్రం ఎవరు? రైతుబిడ్డలే కదా! చివరికి సేనానులే జార్‌ని గద్దె దిగిపొమ్మన్నారు. జార్ రైలుపెట్టెలో కూర్చుని, పెన్సిల్‌తో సంతకం చేసి గద్దె దిగాడు. మూడొందల ఏళ్ల రొమనోవ్ వంశపు కిరీటాన్ని తమ్ముడికి ఇస్తానంటే, ఆ తమ్ముడూ వద్దన్నాడు.