కిన్షాసా పోటీ, మా ఇంటి వాదన

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువాళ్ళం వాదనకు దిగితే మొదటి మాట తెలుగులో వస్తుంది. లెక్కలు, తేదీలు తమిళంలో వస్తాయి. కోపం పెరిగిందంటే మళ్ళీ తెలుగే. నాయక రాజుల కాలంలోనూ, దానికి కాస్త ముందూ వెనుకా ఈ నేలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. బడిలో తమిళం చదివాం, ఇంట్లో తెలుగు మాట్లాడాం. మాలో చాలామందికి తెలుగు మాటలే వచ్చు, అక్షరాలు రావు. అలాంటి ఇళ్ళలో ఒకటైన మా ఇంట్లో ఇరవై ఏళ్ళు సాగిన ఒక వాదన గురించి ఈవేళ ముచ్చటిస్తాను. అది పొలం గట్టు తగాదా కాదు, పెళ్ళి సంబంధం గొడవా కాదు. ఎక్కడో ఆఫ్రికాలో జరిగిన ఒక బాక్సింగ్ పోటీ గురించిన వాదన.

ఆ పోటీ మహమ్మద్ అలీకీ, జార్జ్ ఫోర్‌మన్‌కీ మధ్య జరిగింది. 2016 జూన్‌లో అలీ, 2025 మార్చిలో ఫోర్‌మన్ కన్నుమూశారు. వాళ్ళ పేర్లు చెప్పుకుని కొట్లాడుకున్న మా పెద్దవాళ్ళూ ఇప్పుడు లేరు. వాదన మాత్రం నా చెవుల్లో అలాగే ఉంది.

1974 అక్టోబరు 30న, అప్పట్లో జైరే అని పిలిచిన కాంగో దేశపు రాజధాని కిన్షాసాలో పోటీ జరిగింది. అమెరికాలో జనం రాత్రిపూట చూడడానికి వీలుగా అక్కడ తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు మొదలుపెట్టారు. మన గడియారంలో ఉదయం ఎనిమిదిన్నర. కోయంబత్తూరులో అప్పటికి మిల్లు సంగు ఊది, మొదటి షిఫ్టువాళ్ళు లోపల నూలు వడుకుతున్న వేళ. మా ఊళ్ళో టెలివిజన్ లేదు. మద్రాసుకే మరుసటి ఏడు, 1975 ఆగస్టులో వచ్చింది. కాబట్టి ఈ పోటీని మాలో ఎవరూ చూడలేదు. రేడియోలో ఫలితం విన్నారు, పేపరులో ఫొటో చూశారు. ఆ రెండింటి మీదే వాదన మొదలైంది.

మా చిన్నాయన కోయంబత్తూరు నూలు మిల్లులో పనిచేసేవాడు. ఆయనది ఫోర్‌మన్ పక్షం. మదురైలో ఉండే మా మేనమామ చిన్నప్పుడు సిలంబం నేర్చినవాడు. మన తెలుగులో కర్రసాము అంటామే, అదే. ఆయనది అలీ పక్షం. పండక్కి కలిసినా, పెళ్ళిలో కలిసినా ఇద్దరికీ ఇదే మాట.

చిన్నాయన పక్షంలో బలం లేదని అనుకోకండి. ఫోర్‌మన్‌కు అప్పుడు 25 ఏళ్ళు. 40 పోటీలు ఆడి ఒక్కటీ ఓడిపోలేదు. వాటిలో 37 నాకౌట్లు. అలీని 1971లో ఓడించిన జో ఫ్రేజియర్‌ను, 1973లో రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అలీ దవడ ఎముక విరగ్గొట్టిన కెన్ నార్టన్‌ను కూడా రెండు రౌండ్లలోనే ముగించాడు. అలీకి 32 ఏళ్ళు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో బిరుదు లాగేసుకుని మూడున్నరేళ్ళు పోటీలకు దూరంగా ఉంచారు. తిరిగి వచ్చేసరికి కాళ్ళలో మునుపటి చురుకు లేదు. ఈ లెక్కంతా చూసినవాడు ఎవడైనా ఫోర్‌మన్ వైపే ఉంటాడు గదా.

మరి గెలిచింది అలీ. అదీ ఎలా? రెండో రౌండు నుంచి రింగు చుట్టూ ఉండే తాళ్ళకు ఒరిగి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, ఫోర్‌మన్ కొట్టినన్ని దెబ్బలు కొట్టనిచ్చాడు. ఎనిమిదో రౌండులో, గంట మోగడానికి రెండు సెకన్లు ఉందనగా అతన్ని పడగొట్టాడు. తరవాత ఈ పద్ధతికి రోప్ ఎ డోప్ అని పేరు పెట్టారు.

"ఒరిగి నిలబడి దెబ్బలు తినేది ఒక విద్యా బావా? మా మిల్లులో దూది బేలు కూడా తింటుంది" అనేవాడు చిన్నాయన.

"దూది బేలు తిరిగి కొట్టదు గదా" అనేవాడు మామ.

తాళ్ళు వదులు చేశారన్న మాట కూడా చిన్నాయన చేతికి దొరికింది. ఫోర్‌మన్ స్వయంగా అదే అన్నాడు. తాళ్ళు వదులు చేశారన్నాడు, అంకెలు తొందరగా లెక్కపెట్టారన్నాడు, తాగిన నీళ్ళలో ఏదో కలిపారన్నాడు. అలీ శిక్షకుడు ఆంజెలో డండీ మాత్రం, ఆ వేడికి తాళ్ళు సాగాయనీ, తాను బిగించడానికే చూశాననీ చెబుతూ వచ్చాడు. చాలా ఏళ్ళ తరవాత ఫోర్‌మనే ఆ సాకులన్నీ వదిలి, అలీ తనకంటే బాగా ఆడాడని ఒప్పుకున్నాడు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. మా ఇంట్లో రాజీ అంత సులువుగా కుదరలేదు.

మామ వాదన కర్రసాములోంచి వచ్చింది. దెబ్బను అడ్డుకోవడం వేరు, దెబ్బ బలాన్ని పోనివ్వడం వేరు అనేవాడు. ఎదుటివాడి కర్రను నీ కర్రతో బిగించి ఆపావా, మణికట్టు అదిరిపోతుంది. దానితోపాటే కాస్త వెనక్కి పోయావా, ఆ బలం గాలికి పోతుంది. అలీకి ఆ తాళ్ళు అలా పనికొచ్చాయని ఆయన ఊహ. చూడకుండానే చెప్పాడు సుమండీ.

1980ల్లో వీడియో డెక్కు అద్దెకు తెచ్చుకునే రోజులు వచ్చాక, ఒక ఆదివారం ఆ క్యాసెట్టు మా ఇంట్లో ఆడింది. పదిమందిమి కూర్చుని చూశాం. మామ ఊహ చాలావరకు నిజమే. అలీ నడుము పైభాగమంతా తాళ్ళ అవతలికి వంగి ఉంది. తల అందడం లేదు. ఫోర్‌మన్ చేతులు వెడల్పుగా తిప్పి కొడుతుంటే చాలా దెబ్బలు మోచేతుల మీద, భుజాల మీద పడుతున్నాయి. కొన్ని గాలిలోకే పోతున్నాయి. ఆ ఉక్కలో గాలికి కొట్టిన దెబ్బ కూడా కొట్టినవాడి దమ్మునే తింటుంది.

అయితే మామ చెప్పనివి కూడా తెరమీద కనబడ్డాయి. మొదటి రౌండులో అలీ ఒరగనే లేదు. ఎడమ చేతితో జాబ్ వేసి దారి చేసుకోవడం బాక్సింగులో మామూలు. అలీ అది మాని నేరుగా కుడి చేతితోనే మొహం మీద కొట్టాడు. కుడి దెబ్బ దూరంనుంచి రావాలి, అందుకే ప్రమాదం. పెద్ద ఆటగాళ్ళమీద ఎవరూ అలా మొదలుపెట్టరు. ఫోర్‌మన్ దానికి సిద్ధంగా లేడు. ఇంకొకటి, దగ్గరికి వచ్చినప్పుడల్లా అలీ అతని మెడ పట్టి కిందికి నొక్కుతున్నాడు. నియమం ప్రకారం అది తప్పే. "ఇదేం విద్య మామా?" అని నేనడిగితే మామ నీళ్ళు నమిలాడు. చిన్నాయనకు ఆనాడు పండగ.

పోతే ప్రతి రౌండు చివర, ఫోర్‌మన్ అలసి చేతులు దించగానే, అలీ తాళ్ళ మీదనుంచి లేచి నాలుగైదు సూటి దెబ్బలు కొట్టేవాడు. అలా చూస్తే ఎనిమిదో రౌండు దెబ్బ హఠాత్తుగా పుట్టింది కాదు. ఒక ఎడమ దెబ్బతో తల పైకి లేచింది, వెంటనే కుడి చెయ్యి దవడ మీద పడింది. అంత పెద్ద మనిషి చుట్టూ తిరిగి కూలాడు. కూలుతున్నప్పుడు అలీ ఇంకో దెబ్బకు చెయ్యి ఎత్తి ఉంచాడు, కానీ కొట్టలేదు. ఆ చోట చిన్నాయన క్యాసెట్టు వెనక్కి తిప్పించి మూడుసార్లు చూశాడు. ఏమీ అనలేదు.

ఆ రాత్రి గెలుపు విద్యవల్లనే వచ్చిందని నా నమ్మకం. కాని చిన్నాయన ప్రశ్న ఒకటి మిగిలింది, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. "తిన్న దెబ్బలు ఎక్కడికి పోతాయి?" అనేవాడాయన.

1980 మొదట్లో అలీ భారతదేశానికి వచ్చి, మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఎల్లిస్ కూడా ఒకప్పటి హెవీవెయిట్ ఛాంపియనే, అలీ ఊరివాడే. మామ మదురై నుంచి రాత్రి రైలెక్కి వెళ్ళి చూసొచ్చాడు. ఎలా ఉన్నాడని అడిగితే, "ఒళ్ళు చేసినాడు, ఇక ఆడకుండా ఉంటే మేలు" అన్నాడు. అలీ అప్పటికే విరమించుకున్నట్టు ప్రకటించి ఉన్నాడు. అయినా అదే ఏడు అక్టోబరులో లారీ హోమ్స్‌తో తలపడి ఘోరంగా దెబ్బలు తిన్నాడు. పదో రౌండు తరవాత డండీ ఆపించాడు. 1984లో పార్కిన్సన్ లక్షణాలు ఉన్నాయని డాక్టర్లు తేల్చారు. మాట తడబడింది, చేతులు వణికాయి.

ఆ జబ్బును కిన్షాసా ఖాతాలో రాయడం సరికాదు. అక్కడ దెబ్బలు ఎక్కువ చేతులమీద, ఒంటిమీద పడ్డాయి. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో ఆడిన 14 రౌండ్లు, 1977లో ఎర్నీ షేవర్స్‌తో ఆడిన 15 రౌండ్లు వేరు. అక్కడ తలకు తగిలాయి. షేవర్స్ పోటీ అయ్యాక ఆయన డాక్టరు ఫెర్డీ పచెకో, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని పరీక్ష ఫలితాలు పంపి, ఆట మానమన్నాడు. వినకపోయేసరికి తానే తప్పుకున్నాడు. కిన్షాసా చేసిన చెరుపు మరొకటని నాకనిపిస్తుంది. దెబ్బ తిని కూడా గెలవవచ్చన్న ధైర్యం అక్కడ గట్టిపడింది. శిక్షణలో కూడా తోటివాళ్ళచేత కొట్టించుకునేవాడు. ఒక రాత్రికి పనికొచ్చిన ఉపాయాన్ని అలవాటు చేసుకున్నాడు. ఈ మాట చెబితే మామ ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు.

1994 నవంబరు 5న ఫోర్‌మన్‌కు 45 ఏళ్ళు. తొమ్మిది రౌండ్లు పాయింట్లలో వెనకబడి, మైకేల్ మూరర్ దెబ్బలు ఓపికగా కాచుకుంటూ వచ్చాడు. పదో రౌండులో ఒకే ఒక పొట్టి కుడి దెబ్బతో అతన్ని పడగొట్టి బిరుదు తిరిగి సంపాదించాడు. కిన్షాసాలో వేసుకున్న ఆ ఎర్ర నిక్కరే ఆ రాత్రీ వేసుకున్నాడు.

వార్త తెలిసిన సాయంత్రం చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి మదురైకి ఫోను చేశాడు.

"చూస్తివా బావా, మావాడు గెలిచినాడు" అన్నాడు.

అవతలినుంచి మామ గొంతు నాకు కూడా వినబడింది. "గెలిచినాడు, సరే. నిదానంగా నిలబడేది ఎవరి దగ్గర నేర్చినాడో అది చెప్పు."

అక్కణ్ణుంచి ఇద్దరూ పదకొండు నిమిషాలు మాట్లాడారు. బిల్లు నేను కట్టాను.